తెర వెనక చాప

కాగితం నా చేతిసంచిలో ఉంది. ఏడు గంటలకి నంద్యాలలో, చర్చి ఆవరణలో, మైకు ముందు నిలబడి దాన్ని చదవాలి. చదివితే ఈస్టరు నాడు అందరితో పాటు మోకరించి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకోవచ్చు, ఆదివారం బడి పిల్లలు నా దగ్గరే ఉంటారు. చదవకపోతే ఆ రెండూ పోతాయి. ఎన్నాళ్ళో చెప్పలేదు. నా నేరం ఇది: పదకొండేళ్ళ కిందట తెరమీద చూసిన ఒక తెల్లదొర భుజాలు బాగున్నాయని స్త్రీల కూటంలో పైకి అన్నాను. అంతే. ఆళ్ళగడ్డలో అయిదింటి బస్సు ఎక్కాం, స్త్రీలకు అని రాసిన సీట్లో నేను, నాలుగు వరసల వెనక నా భర్త యేసుదాసు. కాగితం రాసింది ఆయనే. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు, చీటీలు రాసీ రాసీ చేతిరాత గుండ్రంగా కుదిరింది. "సంఘములో నోరు జారి పరపురుషుని దేహమును గూర్చి మాట్లాడితిని, నా చూపు తప్పు చూపు అని ఒప్పుకొనుచున్నాను." నోరు జారి, అట. జారలేదు. ఆ మాటను పదకొండేళ్ళు నోట్లో పెట్టుకుని, ఉప్పూ కారం సరిచూసుకుని మరీ బయట పెట్టాను. పొద్దున రొట్టె చేస్తుంటే పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడి, "రెండు నిమిషాలు. చదివేస్తే అయిపోతాది. నోటికేం నొప్పి?" అన్నాడు. నోటికి నొప్పి లేదు. నొప్పి ఇంకెక్కడో ఉంది, పేరు తెలియడం లేదు, ఒంట్లో వేడిలా ఉంది, కిటికీ ఊచ పట్టుకుంటే ఊచ కూడా వేడిగానే ఉంది.

ఊరు దాటింది బస్సు. నల్లరేగడి, కోసేసిన జొన్న కొయ్యకాళ్ళు, రోడ్డు పక్కన ఎండిన కాలవ. కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చి, నా ముందు సీట్లో పదిహేడేళ్ళ పిల్ల దగ్గర ఆగాడు. చిల్లర ఇచ్చాక కూడా ఆగాడు. ఆ పిల్ల పైట సర్దుకుంది, మెడ తిప్పుకుంది, కిటికీలో తల పెట్టుకుంది. వాడు తాపీగా చూసి, తాపీగా నా దగ్గరికి వచ్చి, రెండు నంద్యాలా అక్కా అన్నాడు. వాణ్ణి ఎవరూ కాగితం రాయమనరు. నా భర్త ఆళ్ళగడ్డ గొడ్ల సంతలో కోడె భుజం మీద అరచెయ్యి పెట్టి, మూపురం నిమిరి, ఏం ఉండాదప్పా గిత్త అని నలుగురు వినేట్టు మెచ్చుకుంటాడు. ఆయనకీ కాగితం లేదు. మంగలి కొట్లో సినిమా తారల క్యాలెండర్లు మూడు వేలాడుతుంటాయి, వాటి కింద కూర్చుని మా చర్చి పెద్దలే గడ్డం గీయించుకుంటారు, కళ్ళు మూసుకుని గీయించుకుంటారా. చూడ్డానికి వీళ్ళకి పుట్టుకతోనే చీటీ రాసిచ్చినట్టుంది. నాకు మాత్రం పదకొండేళ్ళ కిందట ఒక్క సాయంత్రం, గంటన్నర సేపు, అదీ తెర వెనక నుంచి.

డెబ్భై అయిదు. నాకు ఇరవై ఒకటి, నంద్యాలలో టీచర్ ట్రైనింగు. ఏటా గుడ్ ఫ్రైడే ముందు బుధవారం చర్చి ఆవరణలో పిక్చరు వేస్తారు. మద్రాసు నుంచి రైల్లో పెట్టె వస్తుంది, దాంట్లో రీళ్ళు ఉంటాయి. రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెరని రెండు వేపచెట్లకు లాగి కడతారు. ప్రొజెక్టరు వైపు మగవాళ్ళు. అక్కడ బేతంచెర్ల బండలు పరిచి ఉంటాయి, నున్నగా, కడిగితే అద్దంలా. తెరకి అవతల వైపు మేము. అక్కడ మట్టి, పల్లేరు కాయలు, చాప వేసుకున్నా పొడుచుకుంటాయి. ఆడా మగా కలిసి కూర్చోకూడదు కదా. పొడి గుడ్డయితే బొమ్మ మా వైపుకి సరిగ్గా దిగదని, చర్చి ఊడ్చే మణెమ్మవ్వ, మేం పిల్లలం, బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి తెరని తడిపేవాళ్ళం. మేం నీళ్ళు చల్లితేనే మాకు బొమ్మ. చిన్నప్పటి నుంచీ అంతే. అక్షరాలు తిరగబడి వస్తాయి, వాటిని మేం చదవం, అవి మగవాళ్ళవి అనుకుంటాం. అందులో కోపం రావాల్సిన విషయం ఉందని అప్పుడు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇప్పుడు ఈ బస్సులో, మోకాలి మీద సంచి పెట్టుకుని కూర్చుని, నీళ్ళు మోసిన ఆ చేతుల మీద కూడా కోపం వస్తోంది. నా చేతులే.

ఆ ఏడు పెట్టె తప్పు వచ్చింది. ప్రభువు శ్రమల చిత్రం రావాల్సింది, తెరిస్తే నలుపు తెలుపు ఓడ. పాత హాలీవుడ్ బొమ్మ, ఏ కాలందో, మేమెవరం పుట్టకముందుది. ఓడ మీద పొడుగాటి మనిషి, గాలికి చొక్కా ఉబ్బుతోంది. బొమ్మ నడుస్తుండగా మైకులో తెలుగులో కథ చెప్పడం ఉపదేశి బాలస్వామి అన్న పని, పిక్చర్లన్నీ ఇంగ్లీషువి కాబట్టి. పెట్టె తప్పని ఆయనకి తెలిసే ఉండాలి, ఆవరణలో నాలుగు వందల మంది ఉన్నారు, గోస్పాడు నుంచి ఎద్దుల బండ్ల మీద వచ్చినవాళ్ళున్నారు. ఒక్క క్షణం మైకు ఊరికే గరగరలాడింది. తర్వాత అన్నాడు, "ప్రియులారా, ఈయన దేవుని మాట వినక ఓడ ఎక్కి పారిపోయిన ప్రవక్త." అంతే, అందరూ సర్దుకు కూర్చున్నారు. ఓడలో రౌడీలు కొట్టుకుంటే అన్యజనులన్నాడు. తుఫాను వచ్చింది, అదొక్కటి ఆయనకి కలిసొచ్చింది, గొంతు లేచింది. ఒక దొరసాని వచ్చి ఆ మనిషి మెడ చుట్టూ చేతులు వేయబోతే పాటల పుస్తకం తీసి ప్రొజెక్టరు కంటికి అడ్డం పెట్టి, ఇక్కడ ప్రవక్త ప్రార్థనలో ఉన్నాడు అన్నాడు. చాలాసేపు ప్రార్థించాడు. చివర్లో ఓడ మునిగి ఆ మనిషి ఇసకలో బోర్లా పడి తేలితే, ప్రవక్తని మింగిన పెద్ద చేప ఒడ్డున కక్కేసింది అన్నాడు. చేపేదీ అని ముందు వరసలో ఎవరో అడిగారు. పిల్లలు జడుసుకుంటారని ఆ ముక్క కోసేశారు అన్నాడు. మేం నమ్మాం. నేను నమ్మాను. టీచర్ ట్రైనింగు చదువుతున్న దాన్ని.

నమ్మాను కానీ చూశాను. అదే ఇప్పుడు వీళ్ళకి పట్టుకున్నది. తుఫానులో ఆయన తాడు పట్టి తెరచాప దించుతున్నాడు, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, ముంజేతుల మీద నరాలు తాడులాగే పేనుకుని ఉన్నాయి. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. ఆయన లాగినప్పుడల్లా భుజం ఎముక చొక్కా కింద కదులుతోంది, నీళ్ళలో ఏదో జీవం తిరుగుతున్నట్టు. తెర కూడా తడిగానే ఉంది, మేం చల్లిన నీళ్ళు ఇంకా కారుతున్నాయి, ఆయన ఒంటి మీద నీళ్ళేవో మా బిందెల నీళ్ళేవో తెలియలేదు. కుడి కనుబొమ్మ మీద చిన్న గాటు. నవ్వితే నోరు ఒక్క పక్కకే పోతుంది, నవ్వడానికి కూడా తొందర లేని మనిషి. తల తిప్పితే మెడకీ భుజానికీ మధ్య గుంట పడింది, ఆ గుంటలో నీడ. మగవాడి ఒంట్లో అలాంటి చోటు ఒకటుంటుందని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. నాయనని చూశాను, అన్నలని చూశాను, పొలాల్లో చొక్కాల్లేకుండా పనిచేసే వాళ్ళందరినీ చూశాను, చూడలేదన్న మాట. పక్కన సలోమి నా తొడ మీద గిల్లింది. "ఏందే ఈ ప్రవక్తా," అంది చెవిలో, ఊపిరి అందనట్టు. వెనక నుంచి మణెమ్మవ్వ, అప్పటికే అరవై, మెల్లిగా అంది, దేవుడు ఈయప్పను తీరిగ్గా కూచోని చేసినాడు అని. చాపల మీద నవ్వు పాకింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ముప్పై మంది నవ్వాం. ఆ ముప్పై మందిలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఈ బస్సులో ఉన్నాను.

మరుసటేడు నన్ను చూడ్డానికి వచ్చారు. యేసుదాసు, వాళ్ళ నాయన, ఇద్దరు పెదనాన్నలు, ఒక మేనత్త. ప్రార్థన చేసి మొదలుపెట్టారు, మా వాళ్ళు ఏదైనా ప్రార్థనతోనే మొదలుపెడతారు. తర్వాత నడవమన్నారు. వాకిలి దాకా పోయి వెనక్కి రమ్మన్నారు. వెనక్కి తిరగమన్నారు, జడ సొంతమేనా సవరమా అని మేనత్త లాగి చూసింది. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాడు. చామన చాయే గానీ కొంచెం ముదురు అన్నాడు నా ఎదురుగానే, టీ తాగుతూ. యేసుదాసు కింది నుంచి పైకి చూశాడు, అది ఆయన హక్కు. నేను ఆయన్ని చూడాలంటే తల ఎత్తాలి, తల ఎత్తితే పిల్లకి బిడియం లేదంటారు. ఆయన చెప్పుల్ని చూశాను. ఎడమ చెప్పు ఉంగరం తెగితే నల్లదారంతో కుట్టి ఉంది. చాలా కాలం నా భర్త అంటే నాకు ఆ దారమే గుర్తొచ్చేది. అయిదుగురు కూర్చుని నన్ను అంగుళం అంగుళం చూసిన మధ్యాహ్నానికి పెళ్ళిచూపులని మంచి పేరుంది. నేను ఒకణ్ణి ముప్పై మందితో కలిసి గుడ్డ వెనక నుంచి చూసిన సాయంత్రానికి మాత్రం తప్పు చూపు అని పేరు.

శిరివెళ్ళ. బస్సు ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే యేసుదాసు నన్నే చూస్తున్నాడు, మంచినీళ్ళు కావాలా అని చేత్తో సైగ. వద్దన్నాను. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కోపం తేలిగ్గా ఉండేది, ఒక్కచోట పెట్టేసేదాన్ని. జనవరిలో మా తమ్ముడు కరుణాకర్ ఇంటికి నంద్యాల వెళ్ళాను. వాడు టీవీ, వీడియో పెట్టె అద్దెకిస్తాడు, పెళ్ళిళ్ళకి రిక్షాలో పెట్టి తీసుకుపోతాడు. బొంబాయి నుంచి పాత క్యాసెట్ల మూట కొన్నాడు, అందులో ఏమున్నాయో వాడికే తెలియదు, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక్కోటి పెట్టి చూస్తున్నాడు. నేను కూరగాయలు తరుగుతున్నాను. ఓడ వచ్చింది. కత్తిపీట పక్కకి జరిపాను. అదే తాడు, అదే తుఫాను, అదే వీపు. పదకొండేళ్ళలో నాకు పెళ్ళయింది, ఒక కాన్పు పోయింది, ఒకటి నిలిచింది, ముందు జుట్టు తెల్లబడింది, ఆయన మాత్రం అదే తాడు లాగుతున్నాడు. పైగా ఈసారి బాలస్వామి అన్న లేడు. ఆ ఓడ మనిషి గొంతు నేను మొదటిసారి విన్నాను. లోతుగా, నింపాదిగా, బావిలోకి చేద దిగుతున్నట్టు. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు, గొంతు మొత్తం అర్థమయింది. ప్రవక్త కాదు, దొంగ సరుకు తోలే కెప్టెను. పాటల పుస్తకం అడ్డం పడిన చోట ప్రార్థన కూడా కాదు. దొరసానిని ఆయన దగ్గరికి తీసుకున్నప్పుడు ఆ మెడ గుంటలో ఆవిడ నుదురు సరిగ్గా ఇమిడింది, కొలిచి కోసినట్టు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయలు తరగడం ఇంకా మొదలుపెట్టలేదు.

కానీ గాటు ఎడమ కనుబొమ్మ మీద ఉంది. నవ్వితే నోరు రెండో పక్కకి పోతోంది. ఆయన కాదేమో, అన్నో తమ్ముడో అనుకున్నాను. క్యాసెట్ ఆపమని, తిప్పమని, మళ్ళీ వేయమని మూడు సార్లు చూశాను. నాకు బాగా తెలుసు కుడి పక్క అని కరుణాకర్‌తో వాదించాను. వాడు అట్ట మీద పేరు చూపించాడు, ఇద్దరు కాదక్కా ఒక్కడే, చచ్చిపోయి కూడా ఇరవై ఏండ్లయింది అన్నాడు. తర్వాత ఆగి, "అక్కా, ఆ పొద్దు నువ్వు యాడ కూచోని చూసింటివి?" అన్నాడు.

"ఆడోళ్ళ పక్క."

"అదే మరి," అన్నాడు, వాడికి అది నవ్వు.

అదే మరి. అక్షరాలు తిరగబడతాయని నాకు తెలుసు. మనిషి కూడా తిరగబడతాడని తట్టలేదు. నేనే కాదు, చాపల మీద కూర్చున్న ఎవరికీ తట్టలేదు. మా ఎదుట కుడిచేత్తో రొట్టె విరిచిన వాళ్ళందరూ నిజానికి ఎడమచేత్తో విరిచారు, లేదా ఎడమచేతి వాళ్ళనుకున్న వాళ్ళు కుడిచేతి వాళ్ళు. నేను పదకొండేళ్ళు గుండెలో పెట్టుకున్న ముఖం ఈ భూమ్మీద ఎవరికీ లేదు. ఆయన అమ్మ చూసినా పోల్చుకోలేదు. బేతంచెర్ల బండల మీద కూర్చున్న మగవాళ్ళకి, ఆయన వంక చూడను కూడా చూడని వాళ్ళకి, అసలు ముఖం ఇచ్చారు. చూడాలని చూసిన మాకు తిరగేసింది ఇచ్చారు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ శిరివెళ్ళ దాకా ఏడుపు ఆపుకున్నాను, తర్వాత ఏడుపు కాదది అని తెలిసింది, పళ్ళు నొప్పి పుట్టేదాకా దవడ బిగించి ఉన్నాను.

ఇంటికి వస్తే యేసుదాసు పెరట్లో నీళ్ళు పోసుకుంటున్నాడు. చెంబు ఎత్తాడు, నీళ్ళు భుజాల మీద పడి వీపు మధ్య గాడిలోంచి దిగాయి. గొడ్లని పట్టి వంచే పని, భుజాలు గట్టివి. మెడకీ భుజానికీ మధ్య, అదే గుంట. పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంది, నాకు కనపడలేదు, తల దించుకుని చెప్పు దారం చూసిన దగ్గరే ఆగిపోయాను నేను. కాలవ దాటి ఎక్కడో ఇంకెవరి మీదో పోయిన మనసు కాదిది, ఇంటికే వచ్చిన మనసు. తలుపు పట్టుకుని అన్నాను, నీ వీపు బాగుండాది అని. చెంబు జారి రాయి మీద పడింది. ఆయన టవలు కోసం వెతుక్కున్నాడు, తడి ఒంటి మీదే చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. నీకేమైంది, ఒళ్ళు బాగలేదా, అని మాత్రం అన్నాడు. ఆ రోజు నుంచి బనీను వేసుకునే నీళ్ళు పోసుకుంటున్నాడు. నవ్వొచ్చే మాటే. ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి నవ్వు రావడం లేదు.

తర్వాత ఫిబ్రవరి. నంద్యాలలో సలోమి ఇంట్లో స్త్రీల కూటం. సలోమి ఇప్పుడు బాలస్వామి అన్న కోడలు, అన్న ఇప్పుడు చర్చి కమిటీ సెక్రటరీ. వాక్యం చెప్పడానికి వచ్చి, ఎప్పట్లాగే ఓడ ప్రవక్త దగ్గరికే వెళ్ళాడు. ఆ పిక్చరు తర్వాత ఆయన ప్రసంగం అంటే అదే. "మనం కన్నులారా చూసినాం గదా, తల్లీ," అన్నాడు మా అందరి వైపు. కన్నులారా. ఆ మాట దగ్గర నాకు తెగింది. నేను లేచి, మర్యాదగానే, అన్నా ఆయన ప్రవక్త కాదు, సినిమా యాక్టరు, చేప లేదు ఏమీ లేదు అన్నాను. ఆయన నవ్వుతూ, సరేలేమ్మా, ఎవరైనా గానీ నీతి గుర్తుండాది కదా అన్నాడు. అప్పుడన్నాను, "మాకు గుర్తుండేది నీతి కాదన్నా. ఆయప్ప భుజాలు. బాగుండె." మణెమ్మవ్వ ఒక్కతే నవ్వింది, పళ్ళు లేని నోటితో, తలుపు దగ్గర కూర్చుని. నేను సలోమి వైపు చూశాను. నా తొడ మీద గిల్లిన వేళ్ళు. ఆమె పాటల పుస్తకంలో ఏదో పాట వెతుక్కుంటోంది, పుస్తకం తలకిందులుగా ఉంది.

వారం తర్వాత ముగ్గురు చర్చి పెద్దలు ఆళ్ళగడ్డ వచ్చారు. యేసుదాసు కుర్చీలు వేశాడు, టీ పెట్టమన్నాడు, పెట్టాను. బాలస్వామి అన్న కప్పు కింద పెట్టి చెప్పాడు. "చూసినా అంటే సరే. కండ్లు ఉండాయి, చూస్తాం. బాగుండాది అంటారా ఎవరన్నా, ఆడమనిషి?" ఆయన ముఖం చూస్తే అప్పుడు నాకు తెలిసింది, భుజాలు కాదు ఆయన బాధ. నాలుగు వందల మందికి ఆయన చూపించిన ప్రవక్తని నేను తీసేశాను. దానికి కాగితం రాయమంటే ఊరంతా నవ్వుతుంది, అందుకని నా చూపు మీద రాయించాడు. ఆయన తప్పు చెప్పడాన్ని ఎవరూ తప్పనలేదు. నేను సరిగ్గా చూడటం తప్పయింది.

నంద్యాల. బస్టాండు నుంచి నడిచాం, యేసుదాసు రెండడుగులు ముందు. చర్చి గేటు దగ్గర ఆగి, కాగితం ఉండాదా అని అడిగాడు. ఉంది అన్నాను. పొద్దు వాలింది, వేపచెట్లకి తెర కట్టేశారు. మణెమ్మవ్వ అవతల వైపు నుంచి బిందె ఎత్తి నీళ్ళు చల్లుతోంది, డెబ్భై దాటిన చేతులు, సగం నీళ్ళు ఆమె మీదే పడుతున్నాయి. బిందె అందుకుని నేను చల్లాను. అవ్వ చాప మీద కూలబడి, కళ్ళు మూసుకుని ఎడమ పక్కన పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని ఏదో గొణిగింది. ఆమె ప్రార్థన ఎప్పుడూ అలాగే. ప్రభువుకి బల్లెం పోటు పడిన చోట చెయ్యి పెట్టుకుంటే తన మాట తొందరగా వింటాడని. మా చర్చిలో పటాలు పెట్టరు, చదువు ఆమెకి రాదు, ఆ చోటు ఆమె ఏటేటా ఈ తెర మీద చూసి నేర్చుకున్నది. ఎడమ పక్క. బిందె నా చేతిలో ఆగిపోయింది. నేను ఆ ఒక్క సంగతి ఇప్పటి దాకా ఆలోచించలేదు. నా దొర ముఖం పోతే పోయింది, ఎవరో పరాయి మనిషి. ఈమె ముప్పై ఏళ్ళుగా చెయ్యి పెట్టుకుంటున్నది ఎక్కడ?

మైకు మగవాళ్ళ వైపు ఉంటుంది. అంటే తప్పు ఒప్పుకోవాలంటే నేను అటు వెళ్ళాలి. తెర చుట్టూ తిరిగి వెళ్ళాను, ముప్పై రెండేళ్ళలో మొదటిసారి. కాళ్ళ కింద బేతంచెర్ల బండలు, ఎండ దాచుకుని ఇంకా వెచ్చగా ఉన్నాయి, చెప్పులు విడిచినా ఏమీ గుచ్చుకోలేదు. బాలస్వామి అన్న మైకులో, మన సోదరి దెబోరమ్మ ఒక మాట చెప్తాది అని పక్కకి జరిగాడు. మూడు వందల ముఖాలు. కాగితం తీశాను. గుండ్రటి అక్షరాలు, ఏవీ తిరగబడలేదు.

"ఈ కాగితంలో నా చూపు తప్పు చూపు అని రాసి ఉండాది," అన్నాను. నా గొంతు మైకులో ఇంకెవరిదో లాగా ఉంది, కానీ బాగుంది. "నా చూపులో తప్పు లేదు. మమ్మల్ని కూచోబెట్టిన చోటు తప్పు. ఈ పొద్దు నేను ఈడ్నే కూచుంటా."

కూర్చున్నాను. కాగితం మడిచి కింద వేసుకుని కూర్చున్నాను, బండ వెచ్చదనం దాంట్లోంచి కూడా తెలుస్తోంది. బాలస్వామి అన్న మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టి, నా మీదికి వంగి, "ఈస్టరుకు నీకు సంస్కారం లేదు. ఆదివారం బడి సలోమి చూసుకుంటాది," అన్నాడు. సరే అన్నా అన్నాను. సరే అని గొంతు అంది, లోపల ఏదో తెగి పడింది, రొట్టె ముక్క నాలుక మీద కరిగే రుచి, పిల్లల వాక్యాల పాఠం, అన్నీ పడ్డాయి. లేవలేదు. యేసుదాసు పక్క చాప మీదే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడలేదు. పిలవనూ లేదు. పిక్చరు వేయమని బాలస్వామి అన్న చెయ్యి ఊపాడు, ఇంకేం చేస్తాడు, జనం కదులుతున్నారు.

అప్పుడు తెర పక్క నుంచి మణెమ్మవ్వ వచ్చింది. తడిసిన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, దారిలో మగవాళ్ళు కాళ్ళు ముడుచుకుంటుంటే, జరుగప్పా జరుగు అనుకుంటూ వచ్చింది. "నువ్వేందో చోటు తప్పు అంటివే టీచరమ్మా. ఏముందో చూద్దామని వస్తి," అంది. కూర్చోడానికి బండ మీద చెయ్యి పెట్టి తడుముకుంటుంటే యేసుదాసు ఇటు చూడకుండానే తన చాప అంచు మా వైపు తోశాడు.

ఈసారి పెట్టె తప్పు రాలేదు. ప్రభువు శ్రమల చిత్రం, నాకు ప్రతి ముక్కా తెలుసు, ఏదీ తెలియదు. అవ్వ కళ్ళు చికిలించి చూస్తూనే ఉంది. బాలస్వామి అన్న గొంతు పైన చెప్పుకుపోతోంది. చివరికి కొండ, సిలువ, సైనికుడు బల్లెం ఎత్తాడు. అవ్వ చెయ్యి అలవాటుగా ఎడమ పక్కకి వెళ్ళింది. బల్లెం రెండో వైపు దిగింది. ఆమె చెయ్యి అలాగే ఆగింది.

"మే, ఈ పక్కనా?"

"ఈ పక్కనే అవ్వా."

"ముప్పై ఏండ్లు," అంది. తర్వాత ఎడమ చెయ్యి తీసేసి కుడి చెయ్యి కుడి పక్కన పెట్టుకుంది, మెల్లిగా వేళ్ళతో పక్కటెముకలు వెతుక్కుని, కొత్త ఇంట్లో దీపం మీట వెతుక్కున్నట్టు. ఆమె ముఖం మీద తెర వెలుగు పడుతోంది. నేను అనుకున్నది ఏడుస్తుందని. ఆమె కోపంగా ఉంది. నేను ఈ సాయంత్రమంతా బస్సులో మోసుకొచ్చిన కోపం నా కంటే ముప్పై తొమ్మిదేళ్ళు పెద్ద ముఖం మీద చూశాను. ఆమె మెడ ఎత్తి, మైకు కంటే గట్టిగా, తెర వైపు అరిచింది.

"సలోమీ. గాయం ఈ పక్క ఉండాది. వచ్చి చూడు."

బాలస్వామి అన్న చెప్పడం ఆపాడు. రీలు తిరుగుతోంది, తెరమీద రక్తం కారుతోంది. తెర అడుగంచు ఆడవాళ్ళ వైపు నుంచి కొద్దిగా పైకి లేచింది. గాలి లేదు.